గెలుచుకున్న స్టూలు

ఆ వీధి చివర గ్యాసు పొయ్యిలు బాగుచేసే కొట్టు ఒకటుంది. కొట్టంటే పెద్దగా ఊహించుకోకండి. ఇద్దరు లోపలికొస్తే మూడోవాడు గుమ్మంలో నిలబడాలి. గోడల నిండా మేకులు, మేకులకి బర్నర్లు, రబ్బరు గొట్టాలు, మధ్యలో ఒక ఇనప స్టూలు. ఆ స్టూలు మీద కూర్చునే పెద్దమనిషిని వీధంతా కొలిమి మేస్త్రి అంటుంది. ఆయన పనిచేసిన గాజు ఫ్యాక్టరీ కొలిమి చల్లారి ఏళ్లు గడిచాయి. దాని ఇటుకలు కూడా ఎవరెవరి పెరటి గోడల్లోనో కలిసిపోయాయి. పేరు మాత్రం ఆయన్ని వదల్లేదు.

ఆ స్టూలు సంగతి మేస్త్రి భార్య దగ్గర ఎవరూ కదపకూడదు. కదిపారో, చేతిలో పని పక్కన పెట్టి మొదలుపెడుతుంది. "అది కొన్నది కాదు, గెలిచింది" అంటుంది. అబద్ధం కూడా కాదు. గాజు సీసాల ఫ్యాక్టరీలో ఆమె సీసాలు ఏరే పని చేసేది. దీపాలు వెలిగే తెర ముందు సీసాలు వరసగా కదిలిపోతుంటే పగుళ్లున్నవీ, బుడగలున్నవీ పట్టుకుని పక్కన పడెయ్యాలి. షిఫ్టు మొదలైనప్పుడు నిలబడితే షిఫ్టు అయ్యేదాకా నిలబడటమే. ఇంటికొచ్చేసరికి కాళ్లు స్తంభాల్లా వాచిపోయేవి. సమ్మె చేసి గెలుచుకున్నవాటిలో ఆడవాళ్లకి స్టూళ్లు కూడా ఉన్నాయి. ఆ తరవాత ఫ్యాక్టరీ మూతబడి సామాను తుక్కు కింద అమ్మేస్తుంటే, ఆమె తన స్టూలు నెత్తిన పెట్టుకుని నడిరోడ్డు మీద ఇంటికి తెచ్చుకుంది. "నా కాళ్లు దీనికోసం ఏడ్చిన ఏడుపు నాకు తెలుసు. తుక్కువాడికి వదులుతానా?" అంటుంది.

పాత కార్మికులు అటుగా వెళ్తూ కొట్టు దగ్గర ఆగుతుంటారు. ఆగితే సమ్మె కథే. మేస్త్రి తన చేత్తో కొలిమి ఎలా ఆర్పాడో, యజమాని పరుగుపరుగున ఎలా దిగొచ్చాడో, తలా ఒక చెయ్యి వేసి చెప్పుకుంటారు. చెప్పిన ప్రతిసారీ యజమాని ఇంకొంచెం వేగంగా పరిగెడతాడు. మేస్త్రి మాత్రం బర్నరు కన్నాల్లో సూది తిప్పుకుంటూ తల వంచుకుని ఉంటాడు. పెద్ద మనసు, గొప్పలు చెప్పుకోడు అనుకుంటారు వాళ్లు. అది పెద్ద మనసే అయితే ఈ కథ చెప్పాల్సిన అవసరమే ఉండేది కాదు.

ఒక సాయంత్రం మేస్త్రి కూతురు పనినుంచి నేరుగా కొట్టుకొచ్చింది. ఆమె పెద్దాసుపత్రి లాండ్రీలో పనిచేస్తుంది. దుప్పట్లు, రోగుల బట్టలు, ఆపరేషన్ గదిలో వాడే ఆకుపచ్చ గుడ్డలు, అన్నీ అక్కడే ఉతికి ఆవిరిలో మరిగించాలి. కొత్త కాంట్రాక్టరు వచ్చి మనుషుల్ని సగానికి తగ్గించాడు. ఒకరు రెండు యంత్రాలు చూసుకోవాల్సి వస్తోంది. తొందరలో మూత తీస్తే ఆవిరి కొట్టి చేతులు కాలుతున్నాయి. ఆమె మోచేతి కింద చర్మం ఉల్లిపొరలా లేచి ఉంది.

"సమ్మె ఖాయమైపోయింది నాన్నా. రేపు సాయంత్రం మీటింగు. నువ్వొచ్చి మాట్లాడాలి."

"నేనా? నేనేం మాట్లాడతానే?"

"కొలిమి ఆర్పిన మేస్త్రి కూతుర్నని మా వాళ్లందరికీ తెలుసు. నువ్వు నాలుగు మాటలంటే భయపడేవాళ్లకి కూడా ధైర్యం వస్తుంది."

మేస్త్రికి సంతోషం కలగలేదంటే అబద్ధం. కన్నకూతురే వచ్చి పిలిస్తే ఎవరికుండదు? మీసం సర్దుకుని, రాననీ అనలేదు, వస్తాననీ అనలేదు. అప్పుడామె ఇంకో సంగతి చెప్పింది. మామూలు సంగతిలాగే చెప్పింది.

"ఒక చిన్న తకరారు ఉందిలే. ఇస్త్రీ పెద్దమ్మ లేదూ, అందరికన్నా పాతది? ఆమె ఒకటే గొడవ. మిగతాదంతా ఆపండి, ఆపరేషన్ గుడ్డలు మాత్రం నలుగురం ఉతికి పంపిద్దాం అంటుంది. అవి లేకపోతే ఆపరేషన్లు ఆగిపోతాయట. లోపల చచ్చేది మనలాంటివాళ్లే అంటుంది. మా వాళ్లు ఊరుకుంటారా? కాంట్రాక్టరు మనిషివంటూ ఆమె మీద పడ్డారు. పాపం ఏడ్చేసింది."

"మరి నువ్వేమన్నావు?"

"నేనేమంటాను?" ఆమె లేచిన చర్మం మీద ఊదుకుంది. "పెద్దమ్మ చెప్పింది నిజమే నాన్నా. నాకు తెలుసు. కానీ అందరి ముందూ అంటే నన్నూ ఆమెతో ఒకే గాట కట్టేస్తారు. ఊరుకున్నాను. ఏమీ కాదులే, ఆసుపత్రివాళ్లు ఎక్కడినుంచో తెచ్చుకోకపోతారా?"

మేస్త్రి చేతిలో సూది ఆగిపోయింది. కూతురు ఇంకా ఏదో చెబుతూనే ఉంది. ఆయన చెవికి ఎక్కలేదు. "రేపటి సంగతి రేపు చూద్దాంలే, ఇంటికి పద" అని ఆమెని పంపేసి, ఇంకా వెలుతురు ఉండగానే కొట్టు మూసేశాడు.

ఇప్పుడు ఆ కొలిమి సంగతి చెప్పుకోవాలి. గాజు ఫ్యాక్టరీలో కొలిమి మన వంటింటి పొయ్యి లాంటిది కాదు, ఆపి మళ్లీ అగ్గిపుల్ల గీసుకోవడానికి. చిన్న ఇల్లంత తొట్టి, దాన్నిండా పాకంలా కరిగిన గాజు. సెలవైనా, తుఫానైనా, యజమాని చచ్చినా దాని కింద మంట ఆరకూడదు. ఆరిందా, లోపలి గాజు గడ్డకట్టి బిగుసుకుని తొట్టి ఇటుకల్ని చీల్చేస్తుంది. అందుకే అక్కడ తాతలనాటి కట్టుబాటు ఒకటుండేది. నిప్పుకి సమ్మె లేదు. ఎంత పెద్ద సమ్మె జరిగినా నలుగురు లోపలికి వెళ్లి మంట కాసేవారు. ఒక్క సీసా పొయ్యరు, మంట మాత్రం నిలబెడతారు. గేటు దగ్గర వాళ్లని ఎవరూ అడ్డుకోరు. పైగా సమ్మె శిబిరం నుంచే వాళ్లకి టీ వెళ్లేది.

ఆఖరి సమ్మెలో ఈ కట్టుబాటే కార్మికుల మెడకి చుట్టుకుంది. కొలిమి వేడిగా ఉంది కదా అని యజమాని వెనక గేటులోంచి బయటివాళ్లని దింపి సీసాలు పోయించడం మొదలుపెట్టాడు. ఇళ్లల్లో పొయ్యిలు వెలగడం మానేశాయి, ఫ్యాక్టరీ పొగగొట్టం మాత్రం దర్జాగా పొగ వదులుతోంది. అప్పుడు సంఘం కార్యదర్శి గేటు ముందు బల్లెక్కి అన్నాడు. "మన పొయ్యిలు చల్లారాయి. వాడి కొలిమి మాత్రం మన చేతులతో మనమే వెచ్చగా ఉంచుతున్నాం. ఆర్పేద్దాం!" ఆయన జన్మలో కొలిమి దగ్గర నిలబడ్డవాడు కాదు, కానీ ఆ మాటలో తప్పేమీ లేదు. అందరూ ఔనన్నారు. మేస్త్రీ ఔనన్నాడు.

అడ్డు చెప్పిన ఒక్కడు కూడా ఆర్పడం వద్దనలేదు. ఆ మనిషి మేస్త్రికి స్వయానా అక్క మొగుడు. మంట రంగు చూసి వేడి ఎంతో చెప్పడం దగ్గరనుంచి, సెగ కొట్టినప్పుడు ముఖం ఎటు తిప్పుకోవాలో దాకా మేస్త్రికి చెయ్యిపట్టి నేర్పినవాడు. బావ ముక్కుసూటి మనిషి, నాలుగు మాటలు తీయగా కలపడం రాదు. మేస్త్రికి అది వచ్చు. అందుకే గురువు కొలిమి దగ్గరే ఉండిపోయాడు, శిష్యుడు మేస్త్రి అయ్యాడు.

"ఆర్పండి, నేను వద్దన్నానా?" అన్నాడు బావ. "ముందు గాజు దించుదాం. అడుగు కన్నం తెరిచి గుంటలోకి వదిలేస్తే, ఖాళీ తొట్టి మెల్లగా చల్లారినా బతుకుతుంది. ఓ పదిమంది నాతో రండి. రెండు మూడు రోజుల పని."

"రెండు మూడు రోజులు లోపల చాకిరీ చేస్తే దాన్ని సమ్మె అంటారా?" ఎవడో అరిచాడు.

"ఈయన్ని యజమాని అల్లుడిగా చేసుకున్నాడేమో కనుక్కోండ్రా!" ఇంకొకడన్నాడు. గుంపంతా గొల్లున నవ్వింది. ఆకలితో ఉన్నవాళ్ల నవ్వు మంచిది కాదు. నవ్వులోంచే ఒక చెయ్యి వచ్చి బావ చొక్కా పట్టుకుంది. గుండీలు తెగి రాలాయి. బావ ఆ చెయ్యి విడిపించుకోలేదు. మేస్త్రి వైపు తిరిగాడు.

"చెప్పవోయ్ బావమరిదీ. నువ్వు చెప్పు."

కార్యదర్శి కూడా అడిగాడు, నిజంగా తెలుసుకుందామనే అడిగాడు. "చెప్పు మేస్త్రీ. దించకపోతే పగులుతుందా?"

పగులుతుంది. అది మేస్త్రికి తన అరచెయ్యి తెలిసినట్టు తెలుసు. కానీ అంతమంది కళ్లూ తన మీదే ఉన్నాయి. పగులుతుందంటే బావామరుదులు ఇద్దరూ ఒకటేనంటారు. ఇంకో చెయ్యి వచ్చి తన చొక్కా పట్టుకుంటుంది. ఆయన తల వంచి తన చెప్పులు చూసుకున్నాడు. ఒక చెప్పుకి పట్టీ ఊడొస్తోంది.

"పగలకపోవచ్చు" అన్నాడు.

ఆ తరవాతదంతా వీధికి తెలిసిందే. మేస్త్రి లోపలికి వెళ్లి తన చేత్తో మంట కట్టేశాడు. బయటికి రాగానే భుజాల మీద ఎత్తుకున్నారు. పొగగొట్టం ఆగడం చూసి యజమానికి కాళ్లు చల్లబడ్డాయి, వారం తిరగకుండా సంతకం పెట్టాడు. జీతాలు పెరిగాయి. గాజు కోసుకున్నవాడికి జీతంతో సెలవొచ్చింది, కాలినవాళ్లకి మందుల గది వచ్చింది, ఆడవాళ్లకి స్టూళ్లొచ్చాయి. సమ్మెల వల్ల ఒరిగేదేముందని ఎవరైనా అంటే, ఆ ఆడవాళ్లు మొదటిసారి కూర్చుని పనిచేసిన రోజున వాళ్ల ముఖాలు చూసి ఉండాల్సింది.

కొలిమి తిరిగి వెలిగించారు. వేడెక్కుతుండగానే ఒక మూలనుంచి చీలింది. సన్నటి దారంలా గాజు బయటికి కారింది. మాసికలు వేశారు. ఒకచోట పూడిస్తే ఇంకోచోట కారింది. మాసిక వేసినప్పుడల్లా పని ఆగేది, ఆగినప్పుడల్లా కొందరు ఇంటికి పోయేవారు. మూడో ఏడు నిండకముందే, కొత్త కొలిమి కట్టడం కన్నా స్థలం అమ్ముకోవడం మేలని యజమాని లెక్కేసుకున్నాడు. వాడు ఎప్పటినుంచో అమ్మేద్దామనే చూస్తున్నాడు, కొలిమి ఒక వంక మాత్రమే అంటారు పాత కార్మికులు. కావచ్చు. ఆ వంక వాడి చేతికిచ్చింది ఎవరని మాత్రం ఒక్కరూ అనరు. మేస్త్రి ముందు అసలే అనరు, ఆయన వీరుడాయె.

సమ్మె వల్ల లాభమా నష్టమా అని మేస్త్రి ఒంటరిగా కూర్చుని ఎన్నోసార్లు తూచి చూసుకున్నాడు. పెరిగిన జీతంతోనే కూతురి చదువు సాగింది. భార్య కాళ్ల వాపు తగ్గింది. ఇంకో పక్కన, పని వెతుక్కుంటూ చెట్టుకొకరూ పుట్టకొకరూ అయిపోయిన మనుషులు. తాగుడికి దిగినవాళ్లు. ఏ పక్క మొగ్గుతుందో ఆయనకి తేలలేదు. తేలింది ఒక్కటే. గాజు దించి ఉంటే సమ్మె దక్కేది, కొలిమీ దక్కేది. ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకున్నట్టు చేశారు వాళ్లు. ఇక్కడ నిప్పు పెట్టడానికి బదులు ఆర్పారు, అంతే తేడా.

మర్నాడు పొద్దున్నే మేస్త్రి అక్క గుమ్మం ముందు నిలబడ్డాడు. రెండు వీధుల అవతలే ఆ ఇల్లు. అక్క అప్పుడప్పుడూ తమ్ముడింటికి వస్తుంది. ఈయన మాత్రం ఆ సమ్మె తరవాత ఆ గడప తొక్కలేదు, బావ ఈ గడప తొక్కలేదు.

"దారి తప్పావా తమ్ముడూ?" అంది అక్క. అంటూనే కుర్చీ జరిపింది.

బావ ఇప్పుడు కిటికీలకి అద్దాలు కోసి బిగిస్తాడు. ముందు గదిలో బల్ల మీద పెద్ద అద్దం పరిచి, కొలబద్ద ఆనించి, కోత పనిముట్టుతో గీత గీస్తున్నాడు. తలెత్తలేదు. మేస్త్రి కూర్చోలేదు. దారి పొడుగునా కూడబెట్టుకొచ్చిన మాటలన్నీ గుమ్మం దగ్గరే రాలిపోయాయి, ఒక్కటే మిగిలింది.

"బావా, పగులుతుందని నాకు తెలుసు."

కీచుమంటూ గీత చివరిదాకా వెళ్లింది. బావ అద్దాన్ని బల్ల అంచుకి జరిపి చిన్నగా తట్టాడు. గీత వెంట రెండుగా విడిపోయింది.

"నీకు తెలుసని నాకూ తెలుసు" అన్నాడు. "నేర్పింది నేనే కదా."

"చొక్కా పట్టుకుంటుంటే చూస్తూ నిలబడ్డాను" అన్నాడు మేస్త్రి.

"చొక్కాదేముంది, మీ అక్క ఆ రోజే గుండీలు కుట్టేసింది." బావ ముక్క తీసి గోడకి ఆనించాడు. "నేను చెప్తే భయస్తుడి మాట. అమ్ముడుపోయినవాడి మాట. అదే మాట నువ్వు చెప్తే మేస్త్రి మాట అయ్యేది. పదిమంది వచ్చేవారు. ఒక్క మాట అడిగాను నిన్ను."

"ఇప్పుడు చెప్తాను బావా. అందరికీ చెప్తాను."

"ఎవరికి? కొలిమికా?"

"చేతులు కాలాక" అని ఏదో అనబోయి అక్క నోరు మూసుకుంది. అప్పుడు మేస్త్రి కూతురి సంగతంతా చెప్పాడు. లాండ్రీ, పెద్దమ్మ, ఆకుపచ్చ గుడ్డలు, సాయంత్రం మీటింగు.

"అమ్మాయేమందట?" అన్నాడు బావ.

"ఊరుకుందట. నిజమని తెలిసీ ఊరుకుందట."

బావ అప్పుడు తలెత్తి మేస్త్రి ముఖంలోకి చూశాడు. అన్నేళ్లలో మొదటిసారి.

"నీ కూతురే" అన్నాడు. మళ్లీ కొలబద్ద అందుకున్నాడు.

సాయంత్రం లాండ్రీ వెనక ఖాళీ జాగాలో అందరూ చేరారు. బోర్లించిన బట్టల బుట్టల మీద కూర్చున్నారు కొందరు, గోడకి ఆనుకున్నారు కొందరు. ఆడా మగా అందరి చేతుల మీదా మచ్చలే. ఇస్త్రీ పెద్దమ్మ విడిగా, కుళాయి దగ్గర కూర్చుంది. ఆమె పక్కన ఎవరూ లేరు. మేస్త్రి ముందుగా చూసింది ఆ ఖాళీనే.

"కొలిమి ఆర్పి యజమాని మెడలు వంచిన మేస్త్రి!" అని పరిచయం చేశారు. చప్పట్లు మోగాయి. కూతురు అందరికన్నా గట్టిగా కొట్టింది.

"సమ్మె చెయ్యండి" అన్నాడు మేస్త్రి. "వద్దనడానికి రాలేదు. మేమూ చేశాం, గెలిచాం. గెలిచి మూడేళ్లు తిరక్కుండా ఫ్యాక్టరీ పోగొట్టుకున్నాం. అది యజమాని ఒక్కడి తప్పు కాదు. గాజు దించకుండా ఆర్పితే కొలిమి పగులుతుందని ఒకాయన మొత్తుకున్నాడు. మావాళ్లు ఆయన చొక్కా చింపారు. నిజమా అని నన్నడిగారు. నిజమని తెలిసి కూడా పగలకపోవచ్చు అన్నాను. ఎందుకో తెలుసా? మీరీ పెద్దమ్మని అంటున్న మాట నన్నెక్కడ అంటారోనని. సమ్మెలో ఏది ఆపాలో మీకు బాగా తెలుసు. ఏది ఆపకూడదో చెప్పేవాళ్లు ఒక్కరే ఉంటారు. వాళ్ల మాట కాస్త వినండి."

చప్పట్లు లేవు. అప్పుడు వెనకనుంచి ఒక గొంతు లేచింది.

"ఈయన్ని ఎవరు పిలిచారు? కాంట్రాక్టరా?"

గొల్లున నవ్వారు. మేస్త్రికి ఆ నవ్వు తెలుసు. ఆ రోజు గేటు దగ్గర దాన్ని పక్కనుంచి విన్నాడు. ఇప్పుడది ఎదురుగా వచ్చి ముఖాన తగిలింది. ఓహో, ఆ రోజు బావకి ఇలా ఉందన్నమాట అనుకున్నాడు. కూతురి కోసం వెతికాడు.

ఆమె బుట్ట మీద కూర్చుని, తల వంచుకుని, తన చెప్పులు చూసుకుంటోంది.

ఆ చూపు ఏమిటో ఆయనకి తెలిసినంతగా లోకంలో ఇంకెవరికీ తెలియదు. మాట్లాడి ఏం లాభం, అయిపోయింది, ఇంటికి పోదాం అనుకున్నాడు. చెల్లాచెదురైన మనుషులూ, బావ రాలిన గుండీలూ, అన్నీ ఒక్కసారిగా మీద పడ్డట్టయింది. వెళ్లడానికి ఒక అడుగు వేశాడు.

"నేను పిలిచాను."

కూతురు లేచి నిలబడింది. కాలిన చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది.

"ఆయన మా నాన్న. నేనే పిలిచాను. పెద్దమ్మ చెప్పింది నిజం. నిన్ననే అనాల్సింది, భయపడి ఊరుకున్నాను. ఆపరేషన్ గుడ్డలు ఉతుకుదాం, నేనొస్తాను. మిగతా ఒక్క గుడ్డ ముట్టుకోవద్దు. నన్నేమంటారో అనుకోండి."

అన్నారు కూడా. తండ్రీకూతుళ్లు ఇద్దరూ ఒకటేనన్నారు. ఎవరో బుట్ట తన్నారు. ఆమె కూర్చోలేదు. ఇంకాసేపటికి ఒకామె లేచి వెళ్లి కుళాయి దగ్గర పెద్దమ్మ పక్కన కూర్చుంది, తరవాత ఇంకొకామె. వాదన నడుస్తూనే ఉంది. చివరికి ఏం తేలుతుందో, సమ్మె గెలుస్తుందో లేదో ఎవరికీ తెలియదు.

మేస్త్రి గోడ వారన కూలబడి కళ్లు తుడుచుకుంటున్నాడు. కూతుర్ని చూసి పొంగిపోతున్నాడనుకున్నారు పక్కవాళ్లు. అదీ నిజమే. కానీ ఆయన మనసు ఇంకో లెక్కలో పడింది. ఆ పిల్ల లేచి నిలబడటానికి ఎంతసేపు పట్టింది? చెప్పు సరిగా తొడుక్కునేంత సేపు. ఆ రోజు బావ అడిగింది కూడా అంతే. ఆ కాస్త సేపూ ఆయన ఊడొస్తున్న చెప్పు పట్టీ చూస్తూ నిలబడ్డాడు.